నార్జి సున్నపురాయి: నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమల్లో

కృష్ణానది ఉత్తరపు ఒడ్డున దామరచర్ల, పాలకీడు, మఠంపల్లి, మేళ్లచెరువు, చింతలపాలెం మండలాల నేల కింద పొరలు పొరలుగా పరుచుకున్న బూడిదనీలి రంగు అవక్షేప శిలను భూవిజ్ఞానులు నార్జి సున్నపురాయి అంటారు. ఊళ్లలో దీనికి నాపరాయి అని పేరు. లోతు తక్కువైన సముద్రంలో పేరుకున్న సున్నపు బురద గట్టిపడి ఈ రాయి అయింది. కర్నూలు శిలావర్గంలో ఇది ఒక భాగం. వయసు నియోప్రోటెరోజోయిక్ యుగానిది, అంటే 100 కోట్ల ఏళ్లకూ 54 కోట్ల ఏళ్లకూ మధ్యది. మందం చోటును బట్టి మారుతూ సుమారు 100 నుంచి 200 మీటర్ల దాకా ఉంటుంది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఇదే రాయి తుంగభద్ర దాటి అలంపూర్ వైపు కొంత కనిపిస్తుంది. ఆ జిల్లా వాయవ్యపు కొసన కొడంగల్ దిక్కున దీనికి దాయాది అనదగ్గ భీమా శిలావర్గపు సున్నపురాయి ఉంది.

సముద్రపు సున్నపురాయి అనగానే గవ్వలు, చిప్పలు, పగడాలు గుర్తుకొస్తాయి. ప్రపంచంలో పేరున్న సున్నపురాళ్లలో చాలావాటికి ఆ గుర్తింపు సరిపోతుంది. ట్రయాసిక్ యుగంలో, 25.2 కోట్ల నుంచి 20.1 కోట్ల ఏళ్ల కిందట, జర్మనీ ప్రాంతపు లోతులేని సముద్రంలో పేరుకున్న ముషెల్‌కాల్క్ అనే సున్నపురాయి నిండా ఆల్చిప్పలే. మన దేశంలో ఆ యుగపు సముద్ర సున్నపురాళ్లు చూడాలంటే హిమాలయాల్లో స్పితి వంటి లోయలకు పోవాలి. తెలంగాణలోనూ ట్రయాసిక్ శిలలున్నాయి గాని, అవి ప్రాణహిత–గోదావరి లోయలో ఉన్నాయి. ఎర్రపల్లి, భీమారం, మలేరి అనే ఆ శిలాసముదాయాలు నదులు తెచ్చి పోసిన ఎర్రమట్టి, ఇసుక. మలేరిలో దొరికిన పారాడపెడాన్, పారాసూకస్ వంటి సరీసృపాల ఎముకలు నది ఒడ్డున, చిత్తడి నేలల్లో తిరిగిన జంతువులవి. ఆ కాలానికి నల్లగొండ, మహబూబ్‌నగర్ మెరకలు పాంజియా మహాఖండం లోపలి భాగం. వాటి మీద సముద్రమూ లేదు, సున్నపు బురదా లేదు. ఈ రెండు జిల్లాల సముద్రపు రాయి కావాలంటే డైనోసార్లను దాటి, ట్రయాసిక్ దాటి, గవ్వ అనేదే పుట్టని కాలానికి వెళ్లాలి.

రాయి పుట్టిన తీరు

ఈ సముద్రానికి అడుగు తెలంగాణ గ్రానైటు, నైసు బండలే. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. వాటి మీద నేరుగా, కొన్నిచోట్ల కడప శిలావర్గపు పాత పొరల మీద, కర్నూలు శిలలు మొదలవుతాయి. అట్టడుగున బనగానపల్లె క్వార్ట్‌జైట్ ఉంటుంది. గులకలు, ముతక ఇసుక కలిసి బిగిసిన ఈ పొర, సముద్రం మెల్లగా నేల మీదికి ఎక్కుతున్నప్పటి ఒడ్డు. దాని పైన నార్జి సున్నపురాయి, తర్వాత అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, చివర నంద్యాల షేల్ వరుసగా వస్తాయి. మొత్తం కలిపి సుమారు 500 మీటర్లు. ఇసుక నుంచి సున్నానికి, సున్నం నుంచి మట్టికి, మళ్లీ ఇసుకకు మారడమంటే ఒడ్డు వెనక్కి జరగడం, తిరిగి దగ్గరికి రావడం. కుందూ నది లోయలో ఈ వరుస చక్కగా కనిపిస్తుంది. పల్నాడు వైపు, అంటే గుంటూరు–నల్లగొండ సరిహద్దులో కృష్ణకు ఇరువైపులా ఉన్న ఉపహరివాణంలో కూడా ఇదే వరుస ఉంది.

గవ్వలు లేకుండా సున్నం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఇక్కడి అసలు ప్రశ్న. లోతు తక్కువైన వెచ్చటి నీటిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతే, నీటిలోని కాల్షియం కార్బనేట్ కరిగి ఉండలేక సన్నటి పొడిగా అడుగుకు దిగుతుంది. నీటిలోని సూక్ష్మజీవులు, ముఖ్యంగా సూర్యరశ్మితో బతికే నీలి ఆకుపచ్చ నాచు జాతులు, ఆ కార్బన్ డయాక్సైడ్‌ను లాక్కుని ఈ పనిని వేగపరుస్తాయి. అవి సముద్రపు అడుగున చాపలా అల్లుకున్నచోట సున్నపు రేణువులు చిక్కుకుని పొర మీద పొర ఎక్కుతాయి. అలా ఏర్పడిన స్ట్రోమటొలైట్లు కర్నూలు, భీమా శిలల్లో అక్కడక్కడ కనిపిస్తాయి. అయితే నార్జి రాయిలో ఎక్కువ భాగం సన్నటి బురదే. భూతద్దం పెట్టినా రేణువు రేణువుగా విడదీసి చూడలేనంత నున్నగా ఉంటుంది. కెరటాల తాకిడి తక్కువైన, ప్రశాంతమైన నీళ్లలో పేరుకుందనడానికి ఆ నునుపే సాక్ష్యం. మధ్యమధ్య తుపాను వచ్చి, అప్పుడే గట్టిపడుతున్న పొరను చిదిపి పెళ్లలుగా మళ్లీ పరిచిన గుర్తులూ ఉన్నాయి.

బురదలో సున్నంతో పాటు కొంత బంకమన్ను, కొంత సన్నటి సిలికా కలిశాయి. నేల మీది నుంచి వచ్చిన మన్ను ఎక్కువైనప్పుడు ఒక పలుచటి మట్టి పొర, తగ్గినప్పుడు దాని మీద మందమైన సున్నపు పొర పడ్డాయి. స్వచ్ఛత కోసం రాయిని కొనేవాళ్లకు ఈ కలగలుపు లోపంగా తోస్తుంది. నా లెక్కలో నార్జి రాయి భాగ్యమంతా ఆ కలుషంలోనే ఉంది. మట్టి పొర వెంట చీలుతుంది కాబట్టి బండలు వచ్చాయి, సిలికా, మన్ను లోపలే ఉన్నాయి కాబట్టి సిమెంటు వచ్చింది. తెల్లని పాలరాయి అయి ఉంటే కృష్ణ ఒడ్డు చరిత్ర వేరుగా ఉండేది.

ఈ సముద్రంలో జీవులు లేకపోలేదు. అవుకు షేల్‌లో స్ప్రింగులా మెలితిరిగిన సూక్ష్మజీవి శిలాజాలు దొరికాయి. భీమా శిలల షేల్ పొరల్లో చిన్న నల్లటి చక్రాల్లాంటి కర్బన ముద్రలు కనిపిస్తాయి. వీటికి ఎముక లేదు, పెంకు లేదు. చీలికల్లో పైకి అందంగా తేలే చెట్టు కొమ్మల వంటి నల్లటి గీతలను చూసి నాచు శిలాజమని అనుకునేవాళ్లు చాలామంది. అవి రాయి ఏర్పడ్డాక నీటితో దిగిన మాంగనీసు మరకలు.

పేరు పెట్టినవాళ్లు

నార్జి కడప జిల్లాలోని ఊరు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ అధికారి విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద రాసిన గ్రంథం 1872లో వచ్చింది. ఊళ్ల పేర్లతో శిలావర్గాలను విడదీసే ఈ పద్ధతి అక్కడి నుంచే స్థిరపడింది. బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందూ అన్న పేర్లు ఆయన పెట్టినవే. అంతకుముందే 1820ల్లో లాంబ్టన్ త్రికోణమితి సర్వేతో పాటు తిరిగిన వైద్యుడు హెన్రీ వాయ్సీ ఈ ప్రాంతపు రాళ్లను, వజ్రపు గనులను పరిశీలించాడు. భీమా శిలలను 1876లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వివరంగా వర్ణించాడు. సున్నపురాతిలో ఏర్పడ్డ బేలం గుహల గురించి 1884లో రాసింది ఈయనే.

నిజాం రాజ్యంలో హైదరాబాద్ భూవిజ్ఞాన సర్వే విడిగా ఉండేది. ఆ శాఖలో పనిచేసిన కలమూరు మహదేవన్ భీమా శిలావర్గం మీద చేసిన అధ్యయనం 1940ల నాటిది. సి.వి. రామన్ శిష్యుడైన ఆయన తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞాన శాఖను నిలబెట్టారు. రాష్ట్రాల సరిహద్దు రాతికి ఉండదు గాని, పరిశోధనకు ఉంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని ఒడ్డు కింగ్ కాలంలోనే పటానికి ఎక్కింది. కృష్ణకు ఈవలి ఒడ్డు నిజాం శాఖ పనిచేసేదాకా వేచి ఉంది.

ఎక్కడెక్కడ ఉంది

నల్లగొండ జిల్లాలో ఎక్కువ భాగం గ్రానైటు గుట్టలు, ఎర్రచెల్కలు. మిర్యాలగూడ దాటి దక్షిణంగా దిగేకొద్దీ గుట్టలు తగ్గి నేల చదునవుతుంది, నల్లరేగడి మొదలవుతుంది, తవ్విన బాయిలో పలకలు పలకలుగా రాయి తేలుతుంది. మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి, లక్ష్మీనరసింహస్వామి మట్టపల్లి, శంభులింగేశ్వరుడి మేళ్లచెరువు, ఈ మూడు యాత్రాస్థలాలూ ఉన్న నదీతీరపు పట్టీయే ఈ సున్నపురాతి సీమ. 2016 జిల్లాల విభజనతో హుజూర్‌నగర్ వైపు భాగం సూర్యాపేట జిల్లాకు పోయింది, దామరచర్ల వైపు నల్లగొండలోనే మిగిలింది. పొరలు చాలాచోట్ల దాదాపు సమతలంగా ఉంటాయి, కొన్నిచోట్ల మడతలు పడ్డాయి.

దేవరకొండ డివిజన్‌లో, నల్లమల అంచున, కథ వేరు. అక్కడ గ్రానైటు మీద కూర్చున్నది శ్రీశైలం క్వార్ట్‌జైట్. ఇది నార్జి కంటే పాతది. అమ్రాబాద్ పీఠభూమికి ఆ గోడల్లాంటి నిటారు అంచులు ఇచ్చింది కూడా ఇదే. గ్రానైటుకూ ఈ పొరకూ మధ్య సందులో యురేనియం చేరింది. లంబాపూర్, పెద్దగట్టు గనుల ప్రతిపాదనకు వచ్చిన వ్యతిరేకత ఆ సందు వల్లే. దానికీ సున్నపురాయికీ సంబంధం లేదు.

మహబూబ్‌నగర్ వైపు సున్నపురాయి రెండు కొసల్లో ఉంది. దక్షిణాన కర్నూలు పట్టణానికి ఎదురుగా అలంపూర్ నేల, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా. వాయవ్యాన కొడంగల్, ఇప్పుడు వికారాబాద్ జిల్లా. ఈ రెండో కొసన ఉన్నది భీమా శిలావర్గపు షాబాద్ సున్నపురాయి. కర్ణాటకలోని కలబురగి వైపు నుంచి తాండూరు దాకా వచ్చి ఇక్కడ ఆగిపోతుంది. కర్నూలు, భీమా రాళ్లు ఒకే కాలపు సముద్రాలవని చాలామంది భూవిజ్ఞానుల అభిప్రాయం. రంగు, పొర, చీలే గుణం చూస్తే విడదీయడం నిజంగానే కష్టం. మధ్యలో మిగిలిన మహబూబ్‌నగర్ నేల చాలావరకు గ్రానైటే. ఆ గ్రానైటులోనే నారాయణపేట, కోటకొండ దగ్గర సుమారు 110 కోట్ల ఏళ్ల నాటి కింబర్లైట్ గొట్టాలున్నాయి. వజ్రాలను భూగర్భం నుంచి పైకి తెచ్చేది ఈ జాతి రాయే. కర్నూలు శిలల అడుగున బనగానపల్లె గులకల పొరలో తవ్విన వజ్రాలు సున్నపు సముద్రం ఎక్కిరాకముందు ఏదో నది మోసి తెచ్చినవి. ఇటు మేళ్లచెరువుకు ఎదురుగా, అవతలి ఒడ్డున ఉండిన కొల్లూరు వజ్రపు గనులు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉన్నాయి.

ఉలి కింద

ఈ రాయి మీద మనిషి చేసిన అతి గొప్ప పని సిమెంటు కాదు. క్రీస్తుకు కాస్త ముందు నుంచి నాలుగో శతాబ్దం దాకా కృష్ణ లోయ బౌద్ధ శిల్పమంతా దాదాపు ఈ రాతి మీదే పుట్టింది. అమరావతి, జగ్గయ్యపేట, నాగార్జునకొండ పలకల లేత ఆకుపచ్చ తెలుపు పల్నాడు సున్నపురాతిది. బ్రిటిష్ వాళ్లు దీన్ని పాలరాయి అని రాసుకున్నారు. అది తప్పు. పాలరాయి అంటే వేడికీ ఒత్తిడికీ స్ఫటికాలు మారిన సున్నపురాయి. ఇక్కడ అలాంటి మార్పేమీ జరగలేదు. జరగకపోవడమే మేలైంది, ఎందుకంటే కాఠిన్యపు కొలతలో కాల్సైట్ 3, గ్రానైటు ఖనిజాలు 6 నుంచి 7. మెత్తగా, రేణువు కనిపించకుండా ఉన్న రాతిలో వేలి గోరు, జడ ముడి, కంకణపు అంచు చెక్కడం వీలవుతుంది. బేసాల్టు, గ్రానైటు చెక్కిన తర్వాతి తరాల శిల్పులకు ఆ పని ఎంత కష్టమైందో కాకతీయుల గుడులు చూస్తే తెలుస్తుంది.

ఇందులో నల్లగొండకు సొంతమైన ఘట్టం ఫణిగిరి. పాత నల్లగొండ, ఇప్పటి సూర్యాపేట జిల్లాలోని ఆ గుట్ట గ్రానైటుది, గుట్ట మీది తోరణమూ పలకలూ సున్నపురాతివి. కళ్ల ముందు ఎంత రాయి ఉన్నా వదిలేసి, కృష్ణ వైపు నుంచి సున్నపురాతిని పైకి చేర్చారంటే ఆ రాయి కోసం శిల్పులు ఎంత పట్టుబట్టారో ఊహించవచ్చు. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి శాసనం ఇక్కడ దొరికింది. ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలి బౌద్ధ శిల్పకళా ప్రదర్శనకు వెళ్లాయి.

ఈ రాతికి ఒక శాపమూ ఉంది. కాలిస్తే సున్నం అవుతుంది. 1797లో కోలిన్ మెకంజీ అమరావతి చేరేనాటికే అక్కడి దిబ్బను తవ్వేస్తున్నారు. ఆ తర్వాత చాలా పలకలు కట్టడాల రాళ్లకు, సున్నపు బట్టీలకు పోయాయి. గ్రానైటు శిల్పానికి ఈ భయం ఎన్నడూ లేదు.

బండలు

నాపరాతి గనిలో పనివాళ్లు తుపాకి మందు వాడాలని చూడరు. పై మన్ను, చెదిరిన రాయి తీసేశాక గడ్డపారతో, ఉలితో పొర సందు వెతికి తడతారు. సందు చిక్కితే ఎంత వెడల్పు పలకైనా లేస్తుంది. తాండూరు, షాబాద్, బేతంచెర్ల, కడప బండలుగా ఊరి పేరుతో అమ్ముడుపోయేవన్నీ ఈ రెండు శిలావర్గాలవే. తాండూరులో నీలం, పసుపు రంగుల రాయి దొరుకుతుంది. పసుపు అంటే రాతిలోని ఇనుము గాలికీ నీటికీ తుప్పుపట్టిన రంగు. అదే పొరను లోతుగా తవ్వుకుంటూ పోతే నీలంగా మారడం మామూలే. సికింద్రాబాద్–వాడి రైలు మార్గం పడ్డాక తాండూరు రాయి హైదరాబాద్‌కు చవకగా చేరింది. పాత నగరంలో ఏ ఇంటి వరండా చూసినా షాబాద్ బండలే. వంటింటి గట్టు మీద, సామాన్ల అరల్లో నల్లటి కడప బండ రెండు తరాల తెలుగిళ్లలో తప్పనిసరి వస్తువు. చింతపండు పులుసు ఒలికితే మచ్చ పడుతుందని ప్రతి ఇంటికీ తెలుసు. కాల్షియం కార్బనేట్‌ను ఆమ్లం తినేస్తుంది మరి.

బండలు కోసి నునుపు చేసే యంత్రాలు వచ్చాక తాండూరు చుట్టూ రాతి పొడి బురద గుట్టలు పడ్డాయి. వాగుల్లోకి, చేలల్లోకి దిగే ఈ బురదే ఆ పట్టణపు పెద్ద సమస్య. అదే తాండూరు నల్లరేగడిలో పండే కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ నేలలోని అట్టాపుల్గైట్ అనే బంకమన్ను తేమను పట్టి ఉంచుతుందని గుర్తింపు పత్రంలో చెప్పుకున్నారు. రాయిని అమ్ముకునే ఊరికి రాతి మీది మన్ను కూడా పేరు తెచ్చింది.

సున్నం, సిమెంటు

స్వచ్ఛమైన సున్నపురాయి ఒక టన్నును 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే 560 కిలోల సున్నం మిగులుతుంది, 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. పల్నాడులో పిడుగురాళ్ల పట్టణం ఈ పని మీదే బతికింది. నల్లగొండ ఒడ్డున మాత్రం సున్నపు బట్టీల కంటే సిమెంటు కార్ఖానాలదే రాజ్యం. సిమెంటు క్లింకర్‌కు సున్నం ఒక్కటే చాలదు. సిలికా, అల్యూమినా, ఇనుము కూడా కావాలి. ఈ మిశ్రమం 1450 డిగ్రీల దగ్గర సగం కరిగి ఉండలు కట్టాలి. నార్జి రాయిలో సున్నం శాతం సాధారణంగా 42 నుంచి 48 మధ్య ఉంటుంది, మిగతాదాంట్లో సిలికా, మన్ను ముందే ఉన్నాయి, మెగ్నీషియా తక్కువ. మెగ్నీషియా ఎక్కువైతే సిమెంటు గట్టిపడ్డాక ఉబ్బి పగులుతుంది. డోలమైటు సున్నపురాళ్లు సిమెంటుకు పనికిరానిది ఇందుకే. స్వచ్ఛత చాలదని ఉక్కు పరిశ్రమ వద్దన్న రాయి సిమెంటుకు సరిగ్గా సరిపోయింది. టన్ను సిమెంటుకు సుమారు టన్నున్నర సున్నపురాయి ఖర్చవుతుంది కనుక కార్ఖానా రాయి దగ్గరికే రావాలి, రాయిని దూరం మోస్తే గిట్టుబాటు కాదు.

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగింది. ఆ పని సాగుతుండగానే అవతలి ఒడ్డున మాచర్లలో 1958లో కేసీపీ సిమెంటు కార్ఖానా వచ్చింది. ఈవలి ఒడ్డు జోరందుకున్నది 1980ల్లో. వాడపల్లి–విష్ణుపురంలో రాశి, మహంకాళిగూడెంలో డెక్కన్, మఠంపల్లిలో సాగర్, ఎన్‌సీఎల్, దొండపాడులో కాకతీయ, మేళ్లచెరువులో మై హోం, గణేష్‌పహాడ్‌లో పెన్నా ఇలా వరుసగా పొగగొట్టాలు లేచాయి. బీబీనగర్–నడికుడి రైలు మార్గం లేకపోతే ఇన్ని వచ్చేవి కావు. బి.వి. రాజు స్థాపించిన రాశి సిమెంట్‌ను 1998లో ఇండియా సిమెంట్స్ చేజిక్కించుకున్న తీరు దేశంలో కంపెనీల స్వాధీనాల చరిత్రలో ఇప్పటికీ చెప్పుకునే ఘట్టం. ఆ పోరులో పందెం యంత్రాల కోసం ఎంతో, కృష్ణ ఒడ్డు గనుల కోసం అంతే.

మేళ్లచెరువు వైపు గనులు ఇప్పుడు నేల మట్టానికి దిగువన మెట్లు మెట్లుగా ఉన్నాయి. పేలుళ్ల అదురు, పత్తి చేల మీద దుమ్ము, తవ్వి వదిలిన గుంతల నీళ్లు, ఇవన్నీ ప్రజాభిప్రాయ సేకరణల్లో పదేపదే వినిపించే మాటలు. ఉపాధి మాట కూడా వాటితో పాటే వస్తుంది, రెండూ నిజమే.

నీళ్లు

సున్నపురాయి నీటిలో కరుగుతుంది. వాన నీరు గాలిలో, మట్టిలో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని బలహీనమైన ఆమ్లమై పగుళ్లలోకి దిగి వాటిని వెడల్పు చేస్తుంది. బేలం గుహలు, బిల్లసర్గం, పల్నాడులో గుత్తికొండ బిలం అలా ఏర్పడ్డాయి. నల్లగొండ వైపు అంత పెద్ద గుహలు లేవు గాని, కరిగిన సందుల్లోనే బోరు నీళ్లు నిలుస్తాయి. సందు తగిలితే పుష్కలంగా నీరు, పది గజాల అవతల అదే లోతులో పొడి రాయి. ఆ నీరు కఠినమైనది, కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది.

నల్లగొండ నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి ఆ బాధ పడ్డ మండలాలు, అన్నీ గ్రానైటు నేలలు. ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు గ్రానైటులో ఉన్నాయి, ఆ నీటిలో కాల్షియం తక్కువ. కాల్షియం బాగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉండలేదు, కాల్షియం ఫ్లోరైడ్‌గా విడిపోతుంది. సున్నపురాతి పట్టీ మీద ఆ రోగం అంతగా కనిపించకపోవడంలో ఈ రసాయనానికి పాత్ర ఉంది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరు వచ్చింది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి కలియబెట్టి, తేరనిచ్చి వడకట్టడమే ఆ పద్ధతి. పటిక విడుదల చేసే ఆమ్లాన్ని సున్నం సరిచేస్తుంది, అప్పుడు ఏర్పడే మెత్తటి తెట్టు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. ఆఫ్రికాలో ఇథియోపియా, టాంజానియా ఊళ్లలోనూ ఈ పద్ధతిని వాడి చూశారు. రోజూ పటిక కొలిచి వేయాలి, బురద ఎత్తిపోయాలి, మోతాదు తప్పితే అల్యూమినియం మిగులుతుంది. అందుకే నల్లగొండలోనే అది ఊరూరా నిలదొక్కుకోలేదు. చివరికి ఆ మండలాలకు కృష్ణ నీళ్లే గొట్టాల్లో రావలసి వచ్చింది.